ఊపిరి వెట్టి

కుమ్మరి మట్టయ్య తెల్లారి లేచి చేసే మొదటి పని కుండల్ని కొట్టి చూడటం. కుండలు కాల్చిన ఆము చల్లారిన రోజున బూడిదలోంచి ఒక్కో కుండను పురిటిబిడ్డను తీసినట్లు రెండు చేతులతో తీసి, ఎడమ అరచేతిలో కూర్చోబెట్టి, కుడిచేతి నడిమివేలు మడిచి దాని పొట్టమీద ఒక్కటేసేవాడు. ఖంగుమంటే అది కుడిపక్కకు. ఆ మోత నాలుగు కోసుల అవతల సూర్యాపేట అంగడిలో వినబడి, కొనేవాళ్లు లేచి చెప్పులు తొడుక్కునేవాళ్లట. మోత మందంగా, లోపల దూది కూరినట్లు వస్తే ఎక్కడో వెంట్రుకంత పగులుందన్నమాట. అది ఎడమపక్కకు. కుడిపక్కవి అంగడికి, ఎడమపక్కవి గడీకి.

గడీకి కుండలివ్వడం వెట్టి. దొర ఇంట్లో పెళ్లయితే నలభై కుండలు, పండగయితే ఇరవై, దొరవారి కుక్క ఈనితే పాలకని రెండు. ఇదేమిటని అడిగినవాళ్లెవరూ ఊళ్లో లేరు; అడిగినవాళ్లు ఊళ్లో మిగల్లేదు గనక. ఓటి కుండలు ఏరి గడీకి పంపడం మట్టయ్య తాత మొదలుపెట్టిన పద్ధతి. గడీలో సాయంత్రం కడివెడు నీళ్లు పోస్తే తెల్లారేసరికి చెంబెడు మిగిలేవి. మిగతావి నేలమీద పాకి దొరవారి పరుపు కిందికి చేరేవి. మూడు తరాలుగా దొరల ముందు తలెత్తని ఆ ఇల్లు వాళ్లతో ఆడిన మాటంటూ ఉంటే అదొక్కటే.

ఆ గడీ వైపు చూస్తే మట్టయ్య కుండలు చేసే సారెను తిప్పడం ఆపేసేవాడు. అతని ఒక్కగానొక్క బిడ్డ ఆండాలు అందులో ఉంది. ఊపిరితిత్తులు పాడై దొర మంచం పట్టాడు. నెత్తిమీద పంకా తాడు లాగే ముసలామె లాగీ లాగీ ఒకరోజు తాడు పట్టుకునే చచ్చిపోయింది. ఆ తాడు ఎవరి చేతికివ్వాలా అని చూస్తే ఆండాలు కనబడింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. వేములపల్లి కొండల్‌తో పెళ్లయింది, ఆ వారమే అత్తారింటికి పంపాలి. చీరె మడతపెట్టి మూట కట్టింది కూడా. ఆ మూటతోనే గడీకి పోయింది.

"దొర కండ్లు మూసిన్నాడు నీ బిడ్డను ఇంటికి తోలిస్త," అంది దొరసాని. "అందాక మళ్ల అడగొద్దు."

అది జరిగి మూడేళ్లు. ఒక మనిషి చావు కోసం అంతగా ఎదురుచూసిన ఇల్లు నైజాం రాజ్యం మొత్తంలో ఇంకోటి ఉండదు. దొర ప్రతి అమావాస్యకూ పోతాడనిపించేది. గోదానానికి ఆవును తోలుకొచ్చేవాళ్లు. అది వాకిట్లో గడ్డి మేసి, దొర దగ్గు విని, తనే దారి పట్టి ఇంటికెళ్లిపోయేది. ఆ ఆవు మూడేళ్లలో రెండు దూడల్ని ఈనింది గానీ దొర పోలేదు. వేములపల్లి నుంచి కొండల్ కబురు పెట్టాడు: "వచ్చే బతుకమ్మ పండుగ దాకా సూస్తం మామా. ఆ తర్వాత మా అవ్వ వేరే పిల్లను సూసుకుంటనంటున్నది."

కోదాడ అవతల స్వరాజ్యమొచ్చిందని జెండాలెగరేస్తున్న ఏడాది అది. ఇవతల ఆ మాటెత్తితే వీపు చిట్లుతోంది. గడీ ముందర రజాకార్లు డేరాలేసుకుని కూర్చున్నారు.

మట్టయ్య భార్య పోచమ్మకు దమ్ము రోగం. ముప్పై ఏళ్లు ఆము పొగ మింగిన మనిషి. ఊపిరి పీలిస్తే ఈల, వదిలితే ఇంకో ఈల. ఆమె చెరువు మన్ను తట్ట నెత్తినెత్తుకుని వస్తుంటే, పిలుస్తోందనుకుని ఎవరెవరి కుక్కలో వెంటబడి వచ్చేవి. సూర్యాపేట దవాఖానలో ఇచ్చిన ఎర్రనీళ్లు సీసాల కొద్దీ తాగింది. నాలుక ఎర్రబడింది గానీ ఈల ఆగలేదు.

ఆ సూర్యాపేట అంగడిలోనే ఆమెకు పుష్పాబాయి కనబడింది. కోదాడ మనిషి, హోటళ్లకు విస్తర్లు అమ్ముతుంది. కుండ కొనడానికి వంగి, కుండను వదిలేసి పోచమ్మను చూసింది.

"ఏమ్మా, ఆ ఈల నీదేనా?"

"నాదే. బేరం కుండకు జెయ్యి, ఈలకు గాదు."

"పీల్చిందంతా గొంతులోంచే వెనక్కి పోతోంది కదా, అందుకని అడిగా."

"మరి యాడిదాకా పోవాలె?"

"బొడ్డు దాకా. నీ ఊపిరి ఇంతవరకూ నీ ఇంట్లోకి రానే లేదు, గడప దగ్గరే నిలబడి తిరిగిపోతోంది."

పుష్పాబాయి వయసులో ఉన్నప్పుడు కృష్ణ ఒడ్డున ఒక మఠంలో పప్పు రుబ్బేది. లోపల స్వాములు శిష్యులకు యోగం నేర్పుతుంటే వాకిట్లో రోలు దగ్గర కూర్చుని విన్నది. "రోలు ఆపినప్పుడల్లా వినబడింది. తిప్పినప్పుడు పోయింది. నాకొచ్చింది సగమే," అని ముందే చెప్పేసింది. ఆ సగాన్నే కుండల మధ్య, గాడిదల మధ్య, బేరాల మధ్య పోచమ్మకు నేర్పింది.

"వెన్ను మీ సారె ఇరుసులా నిలబడాలి. ఇరుసు వంగితే కుండ నిలుస్తుందా? కుడిముక్కు మూసి, ఎడమ ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చు. రెండూ మూసి పదహారు దాకా ఆపు. ఎనిమిది దాకా కుడిముక్కుతో వదులు. కొత్తదానివి, పదహారు దాటొద్దు. ఎక్కువసేపు ఆపితే ఊపిరి బయటికి దారి మర్చిపోతుంది."

"మర్చిపోతే?"

"ఏమో. అక్కడికొచ్చేసరికి పప్పు మెదగలేదు, రోలు తిప్పాల్సి వచ్చింది."

మర్నాటి నుంచి పోచమ్మ పరగడుపున గొంగడి పరుచుకుని తూర్పుకు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. చూపు నిలపడానికి ఎదురుగా ఏదైనా పెట్టుకోమంటే ఒక కొత్త కుండను పెట్టుకుంది. మొదటిరోజు రెండు లెక్కపెట్టేసరికి దగ్గొచ్చింది. ఆ దగ్గుకు చూరులో పిచ్చికలు లేచిపోయి మూసీ ఏరు దాటి గానీ వాలలేదు. రెండోరోజు కాలు తిమ్మిరెక్కింది. మూడోరోజు నవ్వొచ్చింది, ఎందుకొచ్చిందో ఆమెకే తెలియదు, మూడేళ్ల తర్వాత మొదటిసారి నవ్వింది. నాలుగోరోజు కూర్చునే నిద్రపోయింది. ఆమె తంటాలు చూసి మట్టయ్య, "గింత దానికి గింత పరేషానా?" అని పక్కన కూర్చుని కాలుమీద కాలు మడిచాడు. మడతైతే పడింది, విడితే ఒట్టు. ఇద్దరు మనుషులు అట్లాగే ఎత్తుకుపోయి సారె ముందు దించితే, సాయంత్రం దాకా ఆ ముడితోనే కుండలు చేశాడు. మళ్లీ ఆ జోలికి పోలేదు.

పోచమ్మ మానలేదు. సంక్రాంతి దాటేసరికి ఊపిరి ఆమె పక్కటెముకల కిందికి దిగింది. శివరాత్రికి బొడ్డు చేరింది. ఈల సన్నబడి, దోమ పాటంతయింది. ఆమెకు ఊపిరి మిగలడం మొదలైంది. మిగిలింది ఎదురుగా ఉన్న కుండలోకి పోయి చేరింది. అంతకుముందు ఖంగుమన్న కుండ ఇప్పుడు కొడితే మెత్తగా, పడుకున్న ఆవు నిట్టూర్చినట్లు మోగేది. పోచమ్మ దాని మూతికి మూకుడు పెట్టి గుడ్డ కట్టి, ఇంకో కుండ పెట్టుకునేది.

ఇరుగుపొరుగువాళ్లు పిడకలడిగినట్లే వచ్చి అడిగేవాళ్లు. పక్కింటి చంద్రమ్మ గోడమీంచే కేకేసేది: "వదినా, కట్టెలు పచ్చిగున్నయి, పొయ్యి రాజుకుంట లేదు. జర ఓ చెంబెడు ఊపిరియ్యి."

"నిన్ననే తీస్కపోతివి గాదే?"

"అది మా అత్త పీల్చేసింది. ఇగ పొద్దుగాల్నుంచి ఊరంత తిరిగి నా మీద చాడీలు జెప్తున్నది. నీకే పాపం తగుల్తది సూడు."

పోచమ్మ నవ్వి ఇచ్చేది. కానీ అటకమీద పదకొండు కుండలు ఎవరికీ ఇవ్వకుండా దాచింది. ఆండాలు మూడేళ్లుగా దొర పక్కన మురిగిన గాలి పీలుస్తోంది. బిడ్డ ఇంటికొచ్చిన రోజున వాటి మూతలు విప్పాలని.

ఉగాది ఇంక నాలుగు రోజులుందనగా, పోచమ్మ చెరువుకు మన్ను తేవడానికి పోయినప్పుడు, గడీ మనిషి లింగస్వామి బండి తోలుకుని వచ్చాడు. మొహంలో ఎన్నడూ లేని తొందర.

"మట్టిగా, దొరకు ఆఖరి ఘడియలు. నిన్నటి సంది మాట లేదు. దినాలకు కుండలు గావాలె, ఉన్నన్ని ఎక్కియ్యి."

మట్టయ్య సారె ముందునుంచి లేచాడు. "నిజమేనా లింగస్వామీ?"

"ఆవు గూడ ఈసారి గడ్డి ముట్టలేదురా."

ఆ మాటతో మట్టయ్య ఒళ్లు మరిచాడు. పందిట్లో ఉన్నవి మోశాడు. చాలకపోతే ఇంట్లోకి దూరాడు. అటకమీది కుండను వేలితో కొట్టాడు. మందంగా పలికింది. చావు కుండలకు ఓటివి కాక ఇంకేం పంపుతామనుకుని పదకొండూ దింపాడు. గుడ్డ కట్టి ఉండటం కళ్లు చూశాయి గానీ మనసు అప్పటికే ఆండాలు చెయ్యి పట్టుకుని వేములపల్లి బాటలో నడుస్తోంది. యాభై ఏళ్లుగా వెంట్రుకంత పగులును పట్టిన చెవి, ఆ పొద్దు వినాల్సింది వినలేదు.

గడీలో దొర మంచం పక్కనే దించి, కడగడానికని ఒక్కోటీ మూత విప్పారు. మొదటి కుండకు దొర కనురెప్ప కదిలింది. మూడో కుండకు దగ్గాడు. ఏడో కుండకు లేచి కూర్చున్నాడు. పదకొండో కుండ విప్పేసరికి, దినాలకని కోసిన మేక తొడ తెమ్మన్నాడు.

పోచమ్మ మన్ను తట్ట దించి, చేతులు దులుపుకుని ఇంట్లోకి పోయి వచ్చింది.

"ఆండాలు నాయినా, అటకమీద కుండలేవి?"

"గడీకి ఎక్కిచ్చిన. దొర పోతున్నడటనే. ఇగ మన బిడ్డ..."

"మూత గట్టినయి గూడనా?"

మట్టయ్య బండి పోయిన దారిన నాలుగడుగులు పరిగెత్తి ఆగాడు. పోచమ్మ వాకిట్లో కూర్చుని గడీ వైపు చూసింది. అక్కడినుంచి తప్పెట్లు వినబడుతున్నాయి. చావు డప్పు కోసం పిలిపించినవాళ్లచేతే పెళ్లి డప్పు కొట్టిస్తున్నారు.

మర్నాడు లింగస్వామి మళ్లీ వచ్చాడు. దొరసాని హుకుం: రోజుకు మూడు ఊపిరి కుండలు.

"ఊపిరి గూడ వెట్టేనా?" అంది పోచమ్మ.

"మన్ను దొరది, చెరువు దొరది, ఈ ఊరి మీది గాలి గూడ దొరదే. నువ్వు జేసిందేముంది? జరసేపు లోపల ఉంచుకున్నవ్, గంతే."

"నా బిడ్డను తోలమను, నాలుగిస్త."

లింగస్వామి నేలచూపులు చూశాడు. అతను చెడ్డవాడని కాదు. అతని కొడుకూ గడీలోనే పశువుల దగ్గరుంటాడు. "అడిగిన పోచక్కా. దొర కండ్లు మూసిన్నాడు తోలిస్తనన్న, నేను మాట తప్పేదాన్ని గాదు అన్నది దొరసాని. ఇంకోటి గూడ చెప్పమన్నది. కుండ రాని పూట ఆండాలుకు కూడు లేదట."

ఇగ అది మొదలు. బిడ్డ తినాలంటే దొర బతకాలి. బిడ్డ ఇంటికి రావాలంటే దొర చావాలి. పోచమ్మ పొద్దున ఒక కుండ, మధ్యాహ్నం ఒకటి, దీపాల వేళకు ఒకటి నింపేది. గడీలో ఆ కుండలు విప్పి దొర ముక్కు దగ్గర పెట్టే పని కూడా ఆండాలుదే. అమ్మ ఊపిరి వాసన ఆమెకు తెలియదా? ఆము పొగ, తడి మన్ను, వెల్లుల్లి కారం. కుండ విప్పినప్పుడల్లా తన మొహం మీదికి రెండు వేళ్లంత వచ్చేట్టు వంచేదని, ఆ రెండు వేళ్ల ఊపిరితోనే బతికిందని తర్వాత చెప్పింది.

దొర చెంపలు నునుపెక్కాయి. పండుటాకు రంగు పోయి, లేత తమలపాకు నిగనిగ వచ్చింది. ఊడిన పళ్లలో రెండు మళ్లీ మొలిచాయి. రజాకార్లను మంచం దగ్గరికి పిలిచి ఏ ఇల్లు కాల్చాలో తనే చెప్పసాగాడు. తూర్పు వాడలో తొమ్మిదిళ్లు కాలాయి. పోచమ్మ కుండ నింపుతూ ఆ పొగ చూసేది. ఆ పొగలో తన ఊపిరి ఎంతుందో ఆమెకు తెలుసు.

ఇటు ఆమె ఈల తిరిగొచ్చింది. ముందుకంటే పెద్దదై వచ్చింది. ఆషాఢం ముసురులో ఒకరోజు మూడో కుండ నిండలేదు. ఆ మర్నాడు మట్టయ్య గడీ దొడ్డిగుమ్మం దగ్గర నిలబడి చూస్తే, ఆండాలు పంకా తాడును నడుముకు చుట్టుకుని, ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊపుతూ లాగుతోంది. చేతులతో లాగే బలం లేదు. తండ్రిని చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి మట్టయ్య ఇంటికొచ్చి, ఆ రోజు ఒక్క కుండనూ కొట్టి చూడలేదు.

మొగుడూ పెళ్లాలు బొగ్గుతో నడిచే బస్సెక్కి కోదాడ పోయారు. సగం ఊరు తాళాలు. జనం పిల్లాజెల్లా మూటాముల్లే పట్టుకుని సరిహద్దు దాటి ఆంధ్రా వైపు పోతున్నారు. పుష్పాబాయి కూడా విస్తర్ల కట్ట విప్పి, ఆ తాడుతో పరుపు చుట్ట కడుతోంది.

పోచమ్మ చెప్పిందంతా విని పుష్పాబాయి, "నేర్చుకున్నదాన్ని మర్చిపోయేదెట్లా అని అడుగుతున్నావా?" అంది.

"మిగలకుంట ఎట్ల జెయ్యాలె, అది జెప్పు. మిగిలితే తీస్కపోతున్నరు."

పుష్పాబాయి తాడు ముడి ఇంకోసారి బిగించింది. "అదీ చెప్పే ఉంటారమ్మా. నేనే వినలేదు. ఆ రోజు శెనగపప్పు. రోలు చాలా మోత చేసింది." తర్వాత పోచమ్మ గడ్డం పట్టుకుంది. "పదహారు దాటొద్దు. ఎంత కోపమొచ్చినా సరే. నాకు గట్టిగా తెలిసింది అదొక్కటే."

తిరుగు ప్రయాణంలో పోచమ్మ మట్టయ్య భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆమె ఈలకు బస్సులో వాళ్లంతా బస్సు దిగాల్సిన చోటొచ్చిందనుకుని దారిపొడుగునా లేచి నిలబడుతూనే ఉన్నారు. మట్టయ్య మాత్రం కిటికీలోంచి చూస్తూ ఆలోచించాడు. రోజూ లింగస్వామి వచ్చి కుండను వేలితో కొట్టి చూస్తాడు. ఖంగుమంటే ఖాళీ అని తిరగ్గొడతాడు. మందంగా పలికితే నిండిందని తీసుకుపోతాడు. మందంగా పలికే కుండలు చేయడం తన తాత నాటి విద్య.

"పోచమ్మా, మనం మునుపటి లెక్కనే ఓటివి పంపుదాం," అన్నాడు. పోచమ్మ కళ్లు తెరవకుండానే తలూపింది.

శ్రావణంలో ఒక ఆము వేశాడు. చల్లారకముందే విప్పి, ఎర్రటి కుండల్ని వాన గాలికి పెట్టాడు. ఒక్కోటీ లోపల్లోపల చిట్లింది. కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది. మూకుళ్లు పెట్టి గుడ్డలు కట్టాడు. లింగస్వామి వచ్చి మడిచిన వేలితో కొట్టాడు. మందంగా పలికింది. ఓటి మోత పలికీ పలకగానే చస్తుంది. ఊపిరి మోత కుండ పొట్టలో కాసేపు తిరిగి గానీ ఆగదు. ఆ తేడా పట్టాలంటే యాభై ఏళ్లు కుమ్మరిగా బతకాలి. లింగస్వామి మూడు కుండలూ ఎత్తుకున్నాడు. గుమ్మం దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఏమన్నా పట్టాడో లేదో, కుండలు బండికెక్కించాడు.

మధ్యాహ్నానికల్లా ఇద్దరు రజాకార్లు వచ్చి మొగుడూ పెళ్లాలను గడీకి నడిపించుకుపోయారు.

దొర మంచంమీద చేపలా కొట్టుకుంటున్నాడు. నేలమీద మూడు కుండలు తెరిచి ఉన్నాయి. పట్నం నుంచి వచ్చిన దాయాదులు గోడవారన నిలబడి ఉన్నారు, వాళ్ల కళ్లు దొరసాని బొడ్డున ఉన్న తాళాల గుత్తి మీదున్నాయి. ఆండాలు తాడు లాగుతూనే ఉంది. తల్లిని చూసింది, కానీ చెయ్యి ఆపలేదు.

"ఖాళీ కుండలు పంపుతవా?" అంది దొరసాని. "నీ సంగతి తర్వాత. ఇప్పుడు కుండలెందుకు, నేరుగ దొర నోట్లెనే ఊదు. కూసో."

"కాల్మొక్త దొరసానీ," అని పోచమ్మ మంచం ముందర నేలమీద కూర్చుంది. వెన్ను నిలబెట్టింది. కుడిముక్కు మూసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మట్టయ్య లోలోపల లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఆ నాలుగు లెక్కల్లో ఆమె పీల్చినంత ఊపిరి ఇంకెవరూ ఎన్నడూ పీల్చి ఉండరు. దీపం మంట ఆమె వైపు వాలింది. పరదాలు ఆమె వైపు ఉబ్బాయి. గోడమీది దొరల తాతల పటాలు మేకులమీద పక్కకు తిరిగాయి. పైన పంకా ఎవరూ ఆపకుండానే ఆగిపోయింది.

రెండు ముక్కులూ మూసి ఆపింది. దొర పిట్టపిల్లలా నోరు తెరిచి, ఆమె వదిలే ఊపిరి కోసం మెడ చాపాడు.

పద్నాలుగు. పదిహేను. పదహారు.

మట్టయ్య ఆమె వేలు ఎప్పుడు లేస్తుందా అని చూశాడు. లేవలేదు. పదిహేడు. అప్పుడర్థమైంది. "వద్దే" అనబోతూ ఒకడుగు ముందుకేశాడు. పోచమ్మ అతని వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పి ఆండాలు మీద నిలిపింది. కుండను చూసినట్లే చూసింది.

మట్టయ్యకు ఇరవై దాకానే లెక్కలొచ్చు. ఇరవై అయినప్పుడల్లా ఒక వేలు మడిచాడు. పది వేళ్లూ మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచేసరికి దొర మెడ వాలింది. తెరిచిన నోరు అట్లాగే ఉంది.

దొరసాని కేకపెట్టి మంచంమీద పడింది. దాయాదులు ఆమెను ఓదార్చడానికని తాళాల గుత్తి ఉన్న వైపే వచ్చారు. కాసేపట్లో లోపలి గదుల్లో పెట్టెలు విరుగుతున్న చప్పుడు. చచ్చినవాడికి గాలి విసరక్కర్లేదు గనక పంకా తాడు దగ్గరున్న పిల్ల ఎవరికీ గుర్తులేదు. ఆమెను పొమ్మన్నవాళ్లు లేరు, ఆగమన్నవాళ్లు లేరు. ఆండాలు తాడు వదిలేసింది. ముగ్గురూ దొడ్డిగుమ్మం గుండా ఇంటికి నడిచారు.

ఇంటికొచ్చినా పోచమ్మ ఊపిరి వదల్లేదు. ముక్కుమీంచి వేలు తీసింది, నోరు తెరిచింది, ఏమీ రాలేదు. మట్టయ్య వీపు రాశాడు. చంద్రమ్మ మిరపకాయ పొగ వేసింది. వాడలో అందరూ తుమ్మారు, పోచమ్మ తుమ్మలేదు. గుండెమీద చెయ్యి పెట్టి చూపించి, ఇంక చాలన్నట్లు తల అడ్డంగా ఊపి, గొంగడి మీద కూర్చుంది.

ఇరవై ఒక్క రోజులు అట్లాగే కూర్చుంది. కూడు లేదు, నీళ్లు లేవు. మాట లేదు, మాటకు ఊపిరి ఖర్చవుతుంది కదా. చేతులు మాత్రం పనిచేశాయి. రోజూ పొద్దున్నే ఆండాలును ముందర కూర్చోబెట్టుకుని తల దువ్వేది. మూడేళ్ల చిక్కులు. ఒక్కో వెంట్రుకా విడదీసి, నూనె రాసి, జడ వేసి, చూసుకుని, మళ్లీ విప్పి మళ్లీ వేసేది. ఒకరోజు మట్టయ్య ఉండబట్టలేక వెనకనుంచి నడిమివేలు మడిచి ఆమె వీపుమీద ఒక్కటేశాడు. ఆ మోత లోపల తిరుగుతూ, తిరుగుతూ, అతను పోయి సారె ముందు కూర్చుని ఒక కుండ ఎత్తేదాకా తిరుగుతూనే ఉంది.

ఇరవై రోజులు గడిచేసరికి కోదాడ రోడ్డు వైపు నుంచి ఫిరంగుల మోత వినబడింది. మిలట్రీ బండ్లు సూర్యాపేట దాటాయన్నారు. గడీ ముందర డేరాలు లేచిపోయాయి; గడీలో తలుపులు కూడా మిగల్లేదు. మర్నాడే వేములపల్లి నుంచి కొండల్ నడుచుకుంటూ వచ్చాడు. బతుకమ్మ పండుగ ఇంకా పదిహేను రోజులుంది.

ఆండాలు ఆ పాత మూటే చంకన పెట్టుకుని తల్లి కాళ్లకు మొక్కింది. పోచమ్మ మట్టయ్య వైపు చూసి, చేతులతో గాలిలో గుండ్రంగా చూపించింది. అతను పందిట్లోకి పోయి కుడిపక్క కుండల్లో అన్నిటికంటే గట్టిగా మోగేది ఎంచి తెచ్చి ఆమె ముందర పెట్టాడు. పోచమ్మ దానిమీదికి వంగింది.

ఊపిరి బయటికి దారి మర్చిపోయింది గానీ కుండలోకి దారి మర్చిపోలేదు. పొద్దున పొడుగ్గా ఉన్న గుంజ నీడ మొదట్లోకి వచ్చేదాకా వదులుతూనే ఉంది. ఆఖర్న దోమ పాటంత సన్నటి ఈల వచ్చి, అదీ కుండలోకే పోయింది. మట్టయ్య మూకుడు పెట్టి గుడ్డ కట్టాడు. ఆమెకు ఆ దారి మొదటి రోజునే తెలుసని, బిడ్డ తల దువ్వడం కోసమే ఆగిందని అతనికి అప్పుడు తట్టింది. కొండల్ ప్రయాణం ఆపుకుని పోచమ్మ పాడె మోయడానికి ఒక భుజం పట్టాడు.

ఆండాలు అత్తారింటికి ఆ కుండను నెత్తిన పెట్టుకునే పోయింది. వేములపల్లిలో దూలానికి ఉట్టి కట్టి అందులో పెట్టింది. వానాకాలపు వరి నాట్లప్పుడు ఒగరుస్తూ వచ్చినా, జ్వరమొచ్చి ఎగపోసినా దాన్ని ముట్టలేదు.

మరుసటి ఏడు దీపావళి వెళ్లాక ఆమెకు కాన్పయింది. రెండు రోజులు కష్టపడితే ఆడపిల్ల. పిల్ల నీలంగా ఉంది. మంత్రసాని యాదమ్మ కాళ్లు పట్టుకుని తలకిందులు చేసింది, వీపుమీద చరిచింది, చన్నీళ్లు చల్లింది. తర్వాత పిల్లను పక్కన పెట్టి పాత గుడ్డ కోసం వెతకసాగింది.

"అత్తా," అంది ఆండాలు మంచంలోంచి, "ఉట్టి మీది కుండ దింపుండ్రి."

అత్త దింపింది. గుడ్డ విప్పి, మూకుడు తీసి, పిల్ల ముక్కు దగ్గర వంచింది. గదిలో ఆము పొగ, తడి మన్ను, వెల్లుల్లి కారం వాసనేసింది. పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు మిర్యాలగూడ దాకా వినబడిందని వేములపల్లి వాళ్లు ఇప్పటికీ పంతం పడతారు. ఏడుపు చివర సన్నటి ఈల ఉంది.

కబురందుకున్న మట్టయ్య మూడోరోజుకు చేరాడు. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, పిల్లను రెండు చేతులతో ఎత్తి, ఎడమ అరచేతిలో కూర్చోబెట్టుకున్నాడు. కుడిచేతి నడిమివేలు మడిచి, పసి రొమ్ముమీద ఈగ వాలినంత మెత్తగా ఒక్కటేసి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. చాలాసేపు విన్నాడు.

తర్వాత గొంగడి దులిపి పరిచి, పిల్లను తన కుడిపక్కన పడుకోబెట్టుకున్నాడు.